బంతి పిసకడం ఆపండి, రాత్రిపూట మణికట్టు సీదాగా ఉంచండి

సంపాదకులకు,

ఈ మధ్య మీ ఆరోగ్యం పేజీలో చేతి తిమ్మిర్లకు వ్యాయామాలంటూ ఆరు బొమ్మలు వేశారు. మొదటి బొమ్మలోనే ఒకామె స్పాంజి బంతిని పిడికిట్లో పట్టుకుని పిసుకుతోంది. కింద ‘రోజుకు వందసార్లు’ అని రాశారు. కార్పల్ టన్నెల్ సిండ్రోమ్, అంటే మణికట్టు దగ్గర నరం నలిగే జబ్బు, ఉన్న మనిషి ఆ పని చేస్తే తిమ్మిరి తగ్గకపోగా పెరుగుతుంది. ఇంకో మాట, అది కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ల జబ్బు అన్నారు. మా నల్లగొండలో, పక్కన పాలమూరులో ఈ తిమ్మిర్లతో వచ్చేవాళ్లలో చాలామంది కీబోర్డు ముట్టనివాళ్లే. వాళ్ల కోసం నాలుగు మాటలు రాస్తున్నాం. పత్రికలో చోటు తక్కువని తెలుసు, అయినా కొంచెం పొడుగే అయింది.

ముందు బంతి సంగతి. మణికట్టు దగ్గర, అరచేయి మొదలయ్యే చోట, ఒక ఇరుకు సందు ఉంటుంది. అడుగున, పక్కల ఎనిమిది చిన్న ఎముకలు. పైకప్పుగా తోలు పట్టీలాంటి గట్టి పొర. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు, అంటే కండను ఎముకకు కలిపే తాళ్లు, ఆ సందులోంచే పోతాయి. వాటి మధ్యన మీడియన్ అనే ఒక మెత్తని నరం. మగ్గం పనివాళ్లకు చెప్పాలంటే, కిక్కిరిసిన పన్నెలో, అంటే పోగులు దూరే దువ్వెనలో, తొమ్మిది గట్టి పోగుల నడుమ ఒక పట్టుపోగు ఇరుక్కున్నట్టు. గోడలు ఎముకలు, కప్పు సాగదు. కాబట్టి లోపల టెండన్ల మీది పొర కాస్త ఉబ్బినా ఆ బరువంతా నరం మీదే పడుతుంది. వేళ్లు గట్టిగా ముడిచినప్పుడు అరచేతిలో ఉండాల్సిన చిన్న కండలు కూడా టెండన్లతోపాటు వెనక్కి జరిగి ఆ సందులోకి చొరబడతాయి. బంతి పిసికిన ప్రతిసారీ జరిగేది అదే. పట్టు తగ్గిందని బలం కోసం బంతి పిసుకుతారు. పట్టు తగ్గడానికి కారణం నరం నలగడం, పిసికితే అది ఇంకాస్త నలుగుతుంది. స్ప్రింగు గ్రిప్పరూ అంతే.

తిమ్మిర్లన్నీ ఈ జబ్బు కావు. ఏ వేలికి వస్తుందో చూసుకుంటే సగం సంగతి తేలిపోతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో మధ్యవేలి వైపు సగం: ఇదీ మీడియన్ నరం జాగా. చిటికెన వేలు దీనిలోకి రాదు. ‘రాత్రి రెండింటికి చెయ్యి మొద్దువడి మెలకువొస్తది సార్, జాడిస్తే తగ్గుతది’ అని ఎవరైనా చెబితే, ఆ జాడించడమే పెద్ద ఆనవాలు. తిమ్మిరి చిటికెన వేలికి వస్తే మోచేతి దగ్గర ఇంకో నరం నలుగుతోందేమో చూడాలి. మెడ తిప్పినప్పుడు భుజం నుంచి జివ్వున దిగితే మెడ చూపించుకోవాలి. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పే తప్ప తిమ్మిరి లేకపోతే అది వేరే టెండన్ వాపు. రెండు పాదాలూ రెండు చేతులూ ఒక్కతీరుగా మంటలు పుడుతుంటే షుగరో, బి12 లోపమో ఉండొచ్చు.

మా జిల్లాలో దీనికి ఇంకో మెలిక ఉంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్లలో వెన్నెముక గట్టిపడి, లోపల దారి ఇరుకై, వెన్నుపామునూ నరాలనూ నొక్కుతుంది. వాళ్లకూ చేతులు మొద్దుబారతాయి. మెడ తిప్పలేకపోవడం, కాళ్లు బిగుసుకుని నడక మారడం, మూత్రం మీద పట్టు తప్పడం వీటిలో ఏది తోడున్నా మణికట్టుకు పట్టీ కట్టి కూర్చోకూడదు. నరాల డాక్టరు దగ్గరికి పంపాలి.

ఇంట్లోనే చూసుకునే పరీక్ష ఒకటుంది. రెండు చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేల వైపు వేలాడేసి, మణికట్లు పూర్తిగా వంచి ఒక్క నిమిషం అట్లాగే ఉండాలి. ఆ నిమిషంలోపే పైన చెప్పిన వేళ్లకు తిమ్మిరెక్కితే అనుమానించాలి. ఎక్కకపోయినా జబ్బు లేదని కాదు. ఖాయంగా తేల్చేది నరాల వేగం కొలిచే పరీక్ష, దాన్ని నర్వ్ కండక్షన్ అంటారు. అది అందరికీ మొదటి రోజే అక్కర్లేదు.

ఎవరికి వస్తుంది? ఆడవాళ్లకు ఎక్కువ, నలభై దాటినవాళ్లకు ఎక్కువ. షుగర్, థైరాయిడ్ తగ్గడం, కీళ్లవాతం, బరువు, మణికట్టు విరిగి అతికిన పాత దెబ్బ, నిండు గర్భం ఇవన్నీ దారి తీస్తాయి. గర్భిణులకు చివరి నెలల్లో ఒంటికి నీరు పట్టి వచ్చే తిమ్మిరి చాలామందికి కాన్పయిన కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. అప్పటిదాకా రాత్రి పట్టీ చాలు, ఈ తిమ్మిరి కోసం సొంతంగా సూదులు, మందులు పెట్టుకోవద్దు. మిగతావాళ్లు చేయి చూపించుకునే ముందే షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం మంచిది. థైరాయిడ్ తగ్గినవాళ్లకు ఆ మాత్రతోనే చేతుల తిమ్మిరి సర్దుకున్న సందర్భాలున్నాయి.

ఇక పని. బలంగా పట్టడం, అదే కదలికను వేలసార్లు చేయడం, మణికట్టు వంచి ఉంచడం, యంత్రం అదురు. బలానికో అదురుకో మిగతావి తోడైతే ముప్పు ఎక్కువ. కీబోర్డు పనిలో బలమూ ఉండదు, అదురూ ఉండదు. పోచంపల్లిలో, పుట్టపాకలో చిటికి కట్టేవాళ్ల, అంటే రంగు అంటకూడని చోట నూలుకు ముడులు వేసేవాళ్ల, పని చూడండి. నూలు మీద గీసిన ప్రతి గీతకూ రబ్బరు ముక్క చుట్టి, బొటనవేలు చూపుడువేలితో గట్టిగా గుంజి ముడి వేయాలి. రోజుకు ఎన్ని ముడులో లెక్క పెట్టేవాళ్లుండరు. ఆసు పోయడంలో, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడంలో, చేయి వేలసార్లు అటూ ఇటూ తిరిగి భుజాలు పడిపోతుంటే, ఆలేరు ప్రాంతం నుంచి వచ్చిన చింతకింది మల్లేశం తల్లి కష్టం చూసి ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ యంత్రం భుజానికీ మోచేతికీ ఊపిరి పోసింది. చిటికి మాత్రం ఇప్పటికీ ఎక్కువగా వేళ్ల మీదే నడుస్తోంది.

చిటికి కట్టేవాళ్లు మొదట మార్చాల్సింది చట్రం ఎత్తు. నూలు కట్టిన చట్రం ఒళ్లో ఉంటే మణికట్టు కిందికి వంగుతుంది, భుజం ఎత్తులో ఉంటే పైకి విరుగుతుంది. కూర్చున్నప్పుడు మోచేయి ఎక్కడుంటుందో ముడి వేసే చోటు కూడా అక్కడే ఉండేట్టు కింద ఇటుకో పీటో పెట్టుకోవాలి. ముడి బిగించేటప్పుడు మణికట్టు తిప్పి గుంజే అలవాటు చాలామందికి ఉంది. మణికట్టు కదలకుండా మోచేతిని వెనక్కి లాగితే ముడి అంతే గట్టిగా పడుతుంది. మొదటి వారం చేయి ఆగదు, తర్వాత అదే అలవాటవుతుంది. గద్వాల, నారాయణపేట మగ్గాల మీద నేసేవాళ్లకు నాడె (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లేది) తాడు పిడి సన్నగా ఉంటే గుడ్డ చుట్టి లావు చేసుకోమని చెబుతాం.

పత్తి. దసరా నుంచి మా దగ్గర ఇదే పని. కాయలోంచి దూదిని మూడు వేళ్లతో గిల్లి లాగడం. సరిగ్గా మీడియన్ నరం జాగాలోని మూడు వేళ్లు! కిలోకింత అని కూలి కాబట్టి ‘అరగంటకోసారి ఆగండి’ అని రాసినా ఎవరూ ఆగరు, మీ వ్యాసంలో ఆ మాట చదివి నవ్వుకున్నాం. జరిగే పని చెప్పాలి. ఒడి నిండి గట్టు మీద కుమ్మరించిన ప్రతిసారీ ఒక్క నిమిషం, కింద రాసిన వేళ్ల కదలికలు చేయండి. వీలైన చోట ఒక వరుస కుడిచేత్తో, ఒక వరుస ఎడమచేత్తో ఏరండి. సాయంత్రం ఇంటికొచ్చి అదే చేత్తో తడి దుప్పట్లు పిండకండి. దుప్పటిని నల్లా చుట్టూ మెలేసి రెండు కొసలూ పట్టి వెనక్కి వాలి లాగండి, లేదంటే తీగ మీద వేసి నీరు దానంతటదే కారనివ్వండి.

పాలమూరు వైపు జొన్న రొట్టెలు ఇంట్లో కొట్టేవి ఏడో ఎనిమిదో. ఇప్పుడు రోడ్డు పక్కన రొట్టెల కేంద్రాలు పెట్టి రోజూ వందలకొద్దీ కొడుతున్నారు. పిండి పిసికేటప్పుడు బరువంతా అరచేతి మడమ మీద, అంటే సరిగ్గా ఆ సందు కప్పు మీద పడుతుంది. పీట ఎత్తు తగ్గించుకుని, పిడికిలి సగం మూసి వేళ్ల కణుపులతో నూరినట్టు పిసికితే ఆ భారం తప్పుతుంది. పిండి వేడినీళ్లతో కలిపి కాసేపు నాననిస్తే పిసుకుడే తగ్గుతుంది. ఇంకో జాగ్రత్త: తిమ్మిరెక్కిన వేలికి వేడి తెలియదు. పెనం మీద రొట్టె చేత్తో తిప్పేవాళ్లు వేలి కొసలు కాలినా చూసుకోరు. షుగర్ ఉన్నవాళ్లకు ఆ పుండు తొందరగా మానదు.

రాళ్లు కొట్టే, డ్రిల్లింగ్ మెషిన్లు, గ్రైండర్లు పట్టే పాలమూరు కూలీలకు అదురే శత్రువు. మెషిన్‌ను గట్టిగా పిండినట్టు పట్టుకోవద్దు, జారకుండా ఉంటే చాలు. మొండి బిట్టు ఎక్కువ అదురుతుంది, పదును పెట్టించాలి. గంటల తరబడి ఒక్కరే పట్టకుండా ఇద్దరు మార్చుకోవాలి. కొడవలి, గునపం పిడి సన్నగా ఉంటే సైకిల్ ట్యూబు చుట్టండి. పిడి పట్టినప్పుడు బొటనవేలి కొస చూపుడువేలి కొస మీదికి కాస్త ఎక్కాలి, అదే సరైన లావు. బకెట్ తీగ అరచేతిని కోయకుండా దానికి ప్లాస్టిక్ పైపు ముక్క తొడగండి. కంప్యూటర్ వాళ్లకు ఒక్క మాట: కీబోర్డు వెనక కాళ్లు మడిచేయండి, మణికట్టును బల్ల అంచుకు ఆనించకండి.

ఇన్ని చెప్పాం గానీ, అన్నిటికన్నా ముందు చేయాల్సింది రాత్రి పని. నిద్రలో మనం మణికట్టు మడిచి, తల కిందో చెంప కిందో పెట్టి పడుకుంటాం. మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు ఆ సందులో ఒత్తిడి చాలా తక్కువ. పూర్తిగా ముందుకో వెనక్కో వంచితే అది కొన్ని రెట్లు పెరుగుతుంది. ఆరేడు గంటలు అట్లాగే ఉంటే నరానికి రక్తం సరిగా అందదు, అందుకే అర్ధరాత్రి మెలకువ. తెల్లారేదాకా పక్కకి పడుకుని మణికట్టు వంచి ఫోన్ పట్టుకునేవాళ్లు ఈ లెక్కలో చేరినట్టే. రాత్రి మణికట్టుకు పట్టీ, అంటే స్ప్లింట్, కనీసం ఆరు వారాలు ఒక్క రాత్రి కూడా మానకుండా వేసుకోవాలి. తొలిదశలో ఉన్న చాలామందికి దీనితోనే తేడా తెలుస్తుంది. రెండు రాత్రులు వేసుకుని ‘గుణం లేదు’ అని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ.

మందుల దుకాణంలో దొరికే పట్టీలో ఒక లోపం ఉంది, అమ్మేవాళ్లు చెప్పరు. లోపల అరచేతి వైపు అల్యూమినియం బద్ద ఉంటుంది. చాలా పట్టీల్లో అది వెనక్కి వంగి వస్తుంది, చేయి పైకి విరిగినట్టు. విరిగిన ఎముకకు అది బాగానే ఉంటుంది, ఈ జబ్బుకు మాత్రం పనికిరాదు. బద్దను బయటికి లాగి, నేల మీద పెట్టి తిన్నగా చేసి మళ్లీ దూర్చండి. పట్టీ అరచేతి మధ్య గీత దాటి ముందుకు రాకూడదు, వేళ్లు పూర్తిగా ముడవడానికి వీలుండాలి. బిగుతు ఎంతంటే, కింద ఒక వేలు సులువుగా దూరాలి. పొద్దున గోళ్లు నీలంగా కనిపిస్తే వదులు చేయండి.

కొనలేనివాళ్లకు మీ పత్రికే మందు. నాలుగు పాత పేపర్లు కలిపి మూడంగుళాల వెడల్పు, తొమ్మిదంగుళాల పొడవు గట్టి పట్టీలా మడవండి. అరచేతి గీత నుంచి ముంజేయి సగం దాకా అరచేతి వైపు ఆనించి, నాలుగంగుళాల క్రేప్ బ్యాండేజీ చుట్టండి. నలిగితే మరుసటి వారం కొత్త పేపరు. రాత్రిపూట బిగుతైన గాజులు, వాచీ తీసేయండి.

వ్యాయామాలు దీని తర్వాతే. అవి ఒక్కటే చేసి నయమైందని చెప్పేంత గట్టి ఆధారం లేదు. పట్టీతోపాటు చేస్తే మేలు. ఉద్దేశం బలం పెంచడం కాదు, టెండన్లు నరం పక్కన అంటుకుపోకుండా జారేట్టు చేయడం.

మొదటిది వేళ్ల జారుడు. మోచేయి బల్ల మీద, మణికట్టు తిన్నగా, చేయి నిలబెట్టండి. అయిదూ తెరిచి చాచండి. తర్వాత పై కణుపులు మాత్రం ముడిచి వేళ్లను కొక్కెంలా చేయండి, అరచేయి తిన్నగానే ఉండాలి. మళ్లీ చాచి, మెత్తగా పిడికిలి. మళ్లీ చాచి, వేళ్లు తిన్నగా ఉంచి మొదళ్ల దగ్గర మాత్రమే బల్లలా వంచండి. మళ్లీ చాచి, వేలి కొసలు అరచేతి మొదలుకు ఆనేట్టు, చివరి కణుపులు ముడవకుండా. ఒక్కోదాన్లో అయిదు సెకన్లు. ఇదంతా ఒక చుట్టు. పది చుట్లు, రోజుకు మూడుసార్లు. పిడికిలి దగ్గర ఎక్కడా బలం పెట్టకండి.

రెండోది నరం జారుడు. ఇది సున్నితం, తొందర పనికిరాదు. చేయి ముందుకు చాచి, మణికట్టు తిన్నగా, బొటనవేలు బయట ఉండేట్టు పిడికిలి. వేళ్లు చాచండి. చాచిన వేళ్లతో మణికట్టును మెల్లగా వెనక్కి వంచండి. బొటనవేలు పక్కకు తెరవండి. అరచేయి ఆకాశం వైపు తిప్పండి. చివరగా రెండో చేత్తో బొటనవేలిని కొద్దిగా వెనక్కి లాగండి. ఒక్కోటి అయిదు నుంచి ఏడు సెకన్లు. అయిదుసార్లు, రోజుకు రెండు పూటలు చాలు. తిమ్మిరి మొదలైతే అంతకు ముందు మెట్టు దగ్గరే ఆగిపోవాలి. ‘నొప్పి పుడితేనే పని చేస్తున్నట్టు’ అన్న లెక్క నరం దగ్గర చెల్లదు. గోరువెచ్చని నీళ్లలో అయిదు నిమిషాలు ముంచి చేస్తే హాయి; వేడి మోతాదు తెలియని చేత్తో కాకుండా రెండో చేత్తో నీళ్లు చూసుకోండి.

చేయకూడనివీ చెప్పాలి. ఆముదం కాచి మణికట్టు మీద గట్టిగా తోమించుకోవడం, చేయి పట్టి టక్కున గుంజించుకోవడం. ‘నరాల బలహీనత’ అని ఊళ్లో వారానికో బి-కాంప్లెక్స్ సూది. అందులో ఉండే బి6 ఈ జబ్బుకు పనిచేస్తుందన్న రుజువు లేదు. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అదే నరాలను పాడుచేస్తుంది. నొప్పి మాత్రలు తిమ్మిరి మీద పెద్దగా పనిచేయవు, కిడ్నీలకు చేటు.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి? ఆరు వారాల పట్టీతో తగ్గకపోతే. తిమ్మిరి వచ్చిపోవడం మానేసి పగలూ రాత్రీ ఉండిపోతే. గ్లాసు చేజారుతుంటే, బొత్తాం పెట్టలేకపోతే. రెండు అరచేతులు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒక చేతిలో బొటనవేలి కింది ఎత్తు కండ చప్పబడి గుంట పడితే ఒక్క వారం కూడా ఆగొద్దు. ఆ కండ ఒకసారి కరిగితే ఆపరేషన్ తర్వాత కూడా తిరిగి వస్తుందన్న భరోసా లేదు. దెబ్బ తగిలి మణికట్టు విరిగిన గంటల్లో తిమ్మిరి పెరిగిపోతుంటే అది ఎమర్జెన్సీ.

డాక్టరు స్టెరాయిడ్ సూది చెబితే భయపడక్కర్లేదు, వారాలు, నెలలు ఉపశమనం ఇస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులు లెక్క పెరుగుతుంది, ముందే చెప్పాలి. ఆపరేషన్ అంటే ఆ పైకప్పు పొరను కోసి సందు వెడల్పు చేయడమే, చేయి వరకే మత్తు ఇచ్చి చేస్తారు. రాత్రి తిమ్మిరి చాలామందికి కొన్ని రోజుల్లోనే పోతుంది. కుట్లు పది, పద్నాలుగు రోజులకు తీస్తారు. అరచేతి మొదట్లో నొక్కితే నొప్పి కొన్ని నెలలు ఉండొచ్చు. బరువు పనికి ఆరు వారాలైనా పడుతుంది కాబట్టి, పత్తి ఏరేవాళ్లు కండ కరగకముందే వచ్చి ఉంటే, ఏరుడు అయిపోయిన తర్వాతి నెల చూసుకోవచ్చు. కండ కరగడం మొదలైనవాళ్లకు ఆ వెసులుబాటు లేదు, పత్తి చేను ఎవరికైనా అప్పగించాల్సిందే.

మీకో విన్నపం. ఆ బొమ్మల పేజీ మళ్లీ వేసేటప్పుడు బంతి బొమ్మ తీసేసి, ఆ చోట తిన్నగా పట్టీ కట్టుకుని పడుకున్న చేతి బొమ్మ వేయండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో షుగర్, బీపీ చూసే సిబ్బందికీ ఒక మాట. వచ్చిన ఆడవాళ్లను ‘రాత్రి ఏ వేలికి తిమ్మిరెక్కుతది, చిటికెన వేలికా, మిగతా వాటికా?’ అని అడిగి, జవాబును కార్డు మీద రాయండి. అడగడానికి అర నిమిషం కూడా పట్టదు.

— ఇద్దరు ఫిజియోథెరపిస్టులు, నల్లగొండ